రెండు వాటర్ క్యాన్ల సముద్రం

మా హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ ట్యాంక్ దగ్గరికి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: “ఇది అద్దం పగలగొడుతుందట కదండీ, నిజమేనా?” అడుగుతూనే ఒక అడుగు వెనక్కి వేస్తారు. లోపల ఉన్న జీవి నా బొటనవేలంత ఉంటుంది. పేరు మాంటిస్ ష్రింప్.

పేరులో రొయ్య ఉంది గానీ ఇది రొయ్య కాదు. రొయ్యలకీ పీతలకీ దూరపు చుట్టం, స్టొమాటోపాడ్లు అనే వేరే వర్గం. మాంటిస్ పురుగులా ముందు కాళ్ళు మడుచుకుని కాచుకుని కూర్చుంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. వేటాడే తీరును బట్టి వాటిని రెండు రకాలుగా చూస్తారు. ముళ్ళున్న కాళ్ళతో చేపల్లాంటి మెత్తటి వాటిని గుచ్చి పట్టేవి ఒక రకం. గదలాంటి కాళ్ళతో నత్త గుల్లల్నీ పీత పెంకుల్నీ బద్దలు కొట్టేవి రెండో రకం. ఇంట్లో చిన్న ట్యాంక్‌కి పనికొచ్చేది గద రకమే. మన తీరంలో ట్రాలర్ల వలల్లో రొయ్యలతో పాటు పడేవి ఎక్కువగా గుచ్చే రకం, బురదలో లోతుగా బొరియలు తవ్వుకుని ఉండేవి. వలలో నలిగి పైకొస్తాయి. వాటిలో ఒకదాన్ని తెచ్చి బతికిద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

అద్దం సంగతి. 2004లో షీలా పటెక్ బృందం హైస్పీడ్ కెమెరాతో నెమలి రంగుల మాంటిస్ ష్రింప్ దెబ్బను కొలిచింది. సెకనుకు 14 నుంచి 23 మీటర్ల వేగం. అంటే నీళ్ళలో, గంటకు 50 నుంచి 83 కిలోమీటర్లు. కండరం ఒక్కటే అంత వేగం ఇవ్వలేదు. విల్లును వంచి పట్టుకున్నట్టు కాలి పైభాగంలోని గట్టి పెంకును ముందే బిగించి, గడియ వేసినట్టు ఆపి, ఒక్కసారిగా వదులుతుంది. గద ఎంత వేగంగా వెళుతుందంటే, దాని దగ్గర నీళ్ళలో పీడనం పడిపోయి ఆవిరి బుడగ పుడుతుంది. ఆ బుడగ కూలిపోయేటప్పుడు ఇంకో దెబ్బ తగులుతుంది. అందుకే ఒక్క గుద్దుకి నత్త రెండు దెబ్బలు తింటుంది. మరుసటి ఏడాది వచ్చిన కొలతల్లో ఒక్కో దెబ్బ బలం 1,500 న్యూటన్ల దాకా ఉన్నట్టు తేలింది. 150 కిలోల బరువు ఒక్క బిందువు మీద ఆనినట్టు లెక్క.

ఇవన్నీ చదివితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. అయితే ఆ కొలతలు 18 సెంటీమీటర్ల దాకా పెరిగే పెద్ద జాతివి. ఐదారు సెంటీమీటర్ల చిన్న జాతి ఉన్న ట్యాంక్‌కి 6 మిల్లీమీటర్ల అద్దం సరిపోతుంది. బొరియ తవ్వేటప్పుడు అడుగు మీద కొట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇసుక పోయకముందే అడుగున పల్చటి అక్రిలిక్ షీట్ ఒకటి పరిస్తే ఆ దిగులు కూడా తీరుతుంది. పెద్ద జాతిని తెచ్చుకునేవాళ్ళు మాత్రం పూర్తిగా అక్రిలిక్ ట్యాంకే చూసుకోవాలి.

నిజంగా పగిలేది హీటర్. మామూలు హీటర్ గాజు గొట్టం. చలికాలం రాత్రి అది ఇసుక పక్కన వెచ్చగా, ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది. దాన్ని ఇది ఊరికే వదలదు. గొట్టం పగిలితే నీళ్ళలోకి కరెంటు. కాబట్టి హీటర్‌ని ట్యాంక్ లోపల కాకుండా, వెనక వేలాడే ఫిల్టర్ డబ్బాలో పెట్టాలి. గాజు థర్మామీటర్ కూడా లోపల వద్దు.

అద్దం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఈ జీవిని పెంచాలనుకునేవాళ్ళ డబ్బూ ఆలోచనా మొత్తం దాని గుద్దు చుట్టూనే తిరుగుతాయి. కానీ హైదరాబాద్‌లో మాంటిస్ ష్రింప్‌ని చంపేది నీళ్ళు. సముద్రం ఇక్కడికి మూడొందల కిలోమీటర్ల పైనే ఉంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న ట్యాంక్‌లో ఇసుక, రాళ్ళు పోగా నిలిచేది 40 లీటర్లు. అంటే రెండు వాటర్ క్యాన్లు. అంత కొంచెం నీటిని సముద్రంలా నిలకడగా ఉంచడమే అసలు పని. చిన్న ట్యాంక్ అంటే తేలిక అనుకుంటారు గానీ, పెద్ద ట్యాంక్‌లో ఒక తప్పు వారం రోజులకి బయటపడితే, చిన్నదాంట్లో తెల్లారేసరికి బయటపడుతుంది.

మొదట నీళ్ళు ఎక్కడివి? కుళాయిలో వచ్చేది కృష్ణా అయినా, గోదావరి అయినా, మంజీరా అయినా క్లోరిన్ కలిపినదే. బోరు నీళ్ళ సంగతి సరేసరి, మా అపార్ట్‌మెంట్ బోరు టీడీఎస్ మీటర్ మీద 900 చూపిస్తుంది. ఉప్పు కలపకముందే నీళ్ళలో అంత సరుకు ఉంటే, చివరికి ఏది ఎంత ఉందో మన చేతిలో ఉండదు. అందుకని ఆర్వో నీళ్ళే కావాలి. ఇక్కడే నేను పెద్ద దెబ్బ తిన్నాను.

మా వంటింట్లో ప్యూరిఫయర్ ఉంది కదా అని మొదటిసారి ఆ నీళ్ళే పట్టాను. ట్యాంక్ కుదురుకుందో లేదో చూద్దామని ముందు మూడు నత్తల్ని వేశాను. ఒకటి అద్దం మీద రెండంగుళాలు పాకి జారిపోయింది. మిగతా రెండూ మూత తెరవనేలేదు. అమ్మోనియా చూశాను, లేదు. ఉప్పు చూశాను, సరిగ్గానే ఉంది. మూడో రోజు వంటింట్లో గ్లాసు పట్టుకుంటూ తలెత్తితే ప్యూరిఫయర్ ముందున్న స్టిక్కర్ కనబడింది: ఆరోగ్యం కోసం రాగి కలిపిన నీరు. మన ఇళ్ళలో ఇప్పుడు చాలా ప్యూరిఫయర్లకి ఆ రాగి కార్ట్రిడ్జ్ వస్తోంది. మనుషులు రాగి చెంబులో నీళ్ళు తాగుతారు. వెన్నెముక లేని సముద్ర జీవులకి మాత్రం నీళ్ళలో కరిగిన రాగి కొద్దిపాటిదైనా విషం. వీటి రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగి ఉన్న పదార్థమే, అయినా సరే, నీళ్ళలో కరిగి వచ్చే రాగిని తట్టుకోలేవు. ఆ ట్యాంక్ ఇసుకతో సహా పారేసి మళ్ళీ మొదలుపెట్టాను. చేపల జబ్బులకి వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. అందుకే పాత ట్యాంక్ ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా, అందులో ఏ మందులు వేశారో అడగకుండా తీసుకోవద్దు.

రాగి లేకపోయినా ఇంటి ప్యూరిఫయర్‌తో ఇంకో చిక్కు ఉంది. రుచి కోసం అందులో కొంత నీటిని ఆర్వో పొర దాటించకుండా కలుపుతారు, లేదా మినరల్స్ కలుపుతారు. మీటర్ పెడితే 50, 80 అలా చూపిస్తుంది. మనకి కావాల్సింది సున్నాకి దగ్గర. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఉన్న చిన్న యూనిట్ ఒకటి విడిగా పెట్టుకోవడం మంచిది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొందామనుకునేవాళ్ళు కూడా ముందు మీటర్‌తో చూసుకోవాలి.

ఉప్పు మన వంటింటి ఉప్పు కాదు, కల్లుప్పు కాదు, సైంధవం కాదు. అవి దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్ళలో లీటరుకి 400 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, ఇంకా పొటాషియం, బైకార్బనేట్ లాంటివి ఉంటాయి. పెంకు కట్టుకునే జీవికి అవన్నీ కావాలి. మెరైన్ సాల్ట్ మిక్స్ అని అక్వేరియం షాపుల్లో దొరికేది వాడాలి. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు, మన 40 లీటర్లకి కిలోన్నర దాకా పడుతుంది. బకెట్‌లో చిన్న పంపు పెట్టి ఒక రాత్రంతా తిప్పి, తెల్లారాక, నీటిలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోవాలి. సాంద్రత 1.025 రావాలి. సూర్యలంకో మచిలీపట్నమో వెళ్ళినప్పుడు క్యాన్లలో సముద్రపు నీళ్ళు పట్టుకొద్దామా అని అడుగుతారు. వద్దు. ఒడ్డు దగ్గరి నీళ్ళలో నదుల నీరు, పడవల నూనె, ఊళ్ళ మురుగు కలిసి ఉంటాయి. పైగా వారం వారం మార్చాల్సిన నీటికి వారం వారం బాపట్ల వెళ్ళలేం.

నీళ్ళు కలిపాక మాంటిస్‌ని తెచ్చి వేయడమే అనుకుంటే పొరపాటు. ఇంకా నెల, నెలన్నర ఉంది. ఇది పాలు తోడుపెట్టడం లాంటిది. జీవి విసర్జించేదీ, మిగిలిన తిండి కుళ్ళి వచ్చేదీ అమ్మోనియా. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది చాలా వరకు భరించగలిగేది, నీళ్ళు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియా రాళ్ళ మీదా ఫిల్టర్ స్పాంజి మీదా స్థిరపడడానికి సమయం పడుతుంది. బొమ్మిడాయి ముక్కో పచ్చిరొయ్య ముక్కో వేసి కుళ్ళనిస్తే వాటికి ఆహారం మొదలవుతుంది. తెలిసినవాళ్ళ ఉప్పునీళ్ళ ట్యాంక్ నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే అదే తోడు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, తర్వాత సున్నాకి వచ్చి, అక్కడే నిలిచేదాకా చెయ్యి పెట్టకూడదు. ఉప్పునీళ్ళ పీహెచ్ 8.1 పైన ఉంటుంది, మన ఊరి ఎండకి నీళ్ళు వేడిగా ఉంటాయి. ఈ రెండూ కలిస్తే అదే మోతాదు అమ్మోనియా ఇంకా ఎక్కువ విషమవుతుంది. తొందరపడినవాళ్ళని ఇక్కడి వాతావరణం క్షమించదు.

వేడి గురించి వివరంగా చెప్పాలి. ఈ చిన్న జాతులకి 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. మే నెలలో బయట 41 ఉంటే, మూడో అంతస్తులో పడమటి గోడ ఉన్న గదిలో నీళ్ళు 33 దాటిపోతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. అదే సమయంలో జీవికి అది ఎక్కువ కావాలి. నీటిని చల్లబరిచే చిల్లర్ పెట్టగలిగితే మంచిదే గానీ 40 లీటర్లకి అంత ఖర్చు అందరి వల్లా కాదు. హైదరాబాద్‌కి ఒక వరం ఉంది, ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది. మన ఇళ్ళలో కూలర్లు పనిచేసేది అందుకే. ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ ఏటవాలుగా పెట్టి నీటి పైభాగం మీద గాలి తగిలేలా చేస్తే, ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోయి మూడు, నాలుగు డిగ్రీలు దించుతుంది. ఉక్కపోసే తీరపు ఊళ్ళలో ఇది ఇంత బాగా పనిచేయదు. ఇక్కడ కూడా జూన్‌లో వానలు పడి గాలి తడిబారాక ఫ్యాన్ బలం తగ్గుతుంది, కాకపోతే అప్పటికి ఎండా తగ్గుతుంది. ఫ్యాన్‌తో పాటు, మధ్యాహ్నాలు ట్యాంక్ లైటు ఆపేసి, పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ వేస్తే చాలు, మా ట్యాంక్ 28 దాటడం లేదు.

అయితే ఫ్యాన్ ఇంకో సమస్య తెస్తుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. 40 లీటర్లలో రెండు లీటర్లు ఆరిపోతే, లీటరుకి 35 గ్రాములున్న ఉప్పు 37కి చేరుతుంది. ఎండాకాలంలో ఇది ఒకటి, రెండు రోజుల పని. ఆ తగ్గిన నీటి చోట ఉప్పునీళ్ళు పోశారా, ఉప్పు ఇంకా పెరుగుతుంది. మంచి ఆర్వో నీళ్ళే పోయాలి, రోజూ పోయాలి, కొద్దికొద్దిగా పోయాలి. అద్దం మీద పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాను. పొద్దున్నే కాఫీ పెట్టుకునేటప్పుడు ఆ గీత దాకా నింపడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఊరెళితే పక్కింటి పిన్నిగారు చూసుకుంటారు.

కరెంటు పోతే గాలి ఆడదు. ఇన్వర్టర్ లైన్‌లో ఫిల్టర్ ప్లగ్ పెట్టండి, లేదా బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఉంచుకోండి.

రాళ్ళ విషయంలో చట్టం ఉంది. బ్యాక్టీరియా పట్టి ఉంటుందని ట్యాంకుల్లో వేసే లైవ్ రాక్ అంటే చచ్చిన పగడపు దిబ్బల ముక్కలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన సముద్రాల్లోని రాతి పగడాలకి 2001 నుంచి పులికి ఉన్నంత రక్షణ ఉంది. అండమాన్ నుంచో మన్నార్ నుంచో వచ్చిన రాయి అని ఎవరైనా చెబితే అక్కడితో ఆగిపోండి. సిరామిక్ రాళ్ళు, సిమెంటుతో పోసిన రాళ్ళు దొరుకుతాయి, బ్యాక్టీరియాకి తేడా తెలియదు. వాటిని ఇసుక మీద పెట్టకుండా నేరుగా ట్యాంక్ అడుగున ఆనించి, ఎపాక్సీ జిగురుతో అతికించాలి. ఇది తవ్వుతూ ఉండే జీవి. కింద ఇసుక ఖాళీ అయితే రాయి దాని మీదే పడుతుంది.

ఈ ట్యాంక్‌లో నాకు ఇష్టమైన భాగం బొరియ. ప్లంబింగ్ షాపులో దొరికే ముప్పావు అంగుళం పీవీసీ పైపు, మాంటిస్ ఒంటి పొడవుకి మూడింతలు, ఒక ఎల్బో బిగించి రెండు వైపులా నోరు ఉండేలా. పైపుని నిలువునా కోసి, కోసిన వైపుని ముందు అద్దానికి ఆనించి ఇసుకలో పూడ్చాను. బయట ఆ మేరకి నల్ల కాగితం అంటించాను. లోపల దానికి చీకటి, కాగితం ఎత్తితే నాకు దాని గది. అది లోపలికి వెళ్ళిన రెండో రాత్రే గుల్ల ముక్కలు ఏరుకొచ్చి ఒక నోరు పూడ్చేసింది, రెండో నోరు తన తల పట్టేంత మిగుల్చుకుంది. కాగితం ఎత్తితే ఆ సందులోంచి రెండు కళ్ళు ఒకదానికొకటి సంబంధం లేకుండా తిరుగుతాయి. ఒక్కో కంటికి మధ్యలో అడ్డంగా ఒక పట్టీ, పైనా కిందా సగాలు. మూడు భాగాలూ ఒకే చోటుని చూడగలవు కాబట్టి ఒక్క కంటితోనే దూరాన్ని అంచనా వేయగలదు. రంగుల్ని పట్టే కణాలు మనకి మూడు రకాలుంటే దీనికి పన్నెండు. దగ్గరి దగ్గరి రంగుల తేడా పట్టడంలో మాత్రం మనకన్నా వెనకే అని 2014లో వచ్చిన పరిశోధన చూపించింది. రంగుల్ని పోల్చి చూసే బదులు, చూడగానే గుర్తుపట్టేలా ఆ కళ్ళు పనిచేస్తాయని ఆ పరిశోధకుల ఆలోచన.

తోడుగా వేరే ఏ ప్రాణినీ వేయకండి. చేప వేసినా, పీత వేసినా, పాచి తినడానికి నత్త వేసినా అది తిండే. పాచి మనమే గీకాలి. తిండి వారానికి రెండు, మూడుసార్లు చాలు. రాంనగర్ చేపల మార్కెట్‌లో పెంకుతో ఉన్న రొయ్య, పీత కాలు కొని, బాగా కడిగి, గోరంత ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను. పొడుగాటి పట్టకారుతో పీత కాలు ముక్క బొరియ ముందు పెడితే ముందు మీసాలతో తడుముతుంది, తర్వాత టక్. ఆ దెబ్బ పట్టకారు మీదుగా వేళ్ళకి తెలుస్తుంది, గదిలో అవతలి మూలకీ వినబడుతుంది. వేలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. గంటలో తినని ముక్క తీసేయాలి. వారానికోసారి నాలుగైదు లీటర్ల నీళ్ళు మార్చాలి.

మన ఇళ్ళలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ప్రమాదం దోమల మందు. లిక్విడ్ మిషన్లలో ఉండేది కీటకాల నరాల మీద పనిచేసే మందు. మాంటిస్ ష్రింప్‌ది కీటకం ఒళ్ళు లాంటి ఒళ్ళే, దోమకి విషమైంది దీనికీ విషమే. ఎయిర్ పంప్ గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్ళలోకి ఊదుతుంది. ట్యాంక్ ఉన్న గదిలో మిషన్, స్ప్రే, కాయిల్ ఏవీ వద్దు, దోమతెర వాడుకోండి. వానాకాలంలో వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినబడగానే మేం కిటికీలు మూసి, ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పి, అరగంట ఎయిర్ పంప్ ఆపేస్తాం. నీటిని తిప్పే ఫిల్టర్ నడుస్తూనే ఉంటుంది.

చివరి గండం కుబుసం. పెరగాలంటే పాత పెంకు విడవాలి, చిన్న జాతులు రెండు, మూడు నెలలకోసారి విడుస్తాయి. ముందు తిండి మానేస్తుంది, తర్వాత బొరియ రెండు నోళ్ళూ పూడ్చేసి కనబడకుండా పోతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా చంపుకునేది ఇక్కడే, బతికుందో లేదో చూద్దామని పైపు కదిలిస్తారు. పెంకు విడిచిన జీవి మెత్తగా ఉంటుంది, గద కూడా మెత్తనే, దానికి రక్షణ ఆ మూసిన తలుపు ఒక్కటే. అయోడిన్ చుక్కలు వేయమని కొందరు సలహా ఇస్తారు. పరీక్షించి చూడకుండా వేయడం నాకు ఇష్టం లేదు, మంచి ఉప్పుతో వారం వారం నీళ్ళు మారుస్తుంటే నాకు ఇంతవరకూ అవసరం పడలేదు.

మొదటిసారి తొమ్మిది రోజులు తలుపు తీయలేదు. కాగితం ఎత్తలేదు, లైటు వేయలేదు, గీత దాకా నీళ్ళు పోస్తూ ఊరుకున్నాను. పదో రోజు పొద్దున బొరియ బయట ఇసుక మీద మాంటిస్ పడి ఉంది. కాళ్ళు, తోక, గద, కళ్ళ మీది టోపీలు అన్నీ ఉన్నాయి. గుండె ఆగినంత పనైంది. పట్టకారుతో ఎత్తితే ఉల్లిపొరంత తేలిగ్గా ఉంది, అవతలి గోడ కనబడేంత పలుచన, వాసన లేదు. చచ్చినదైతే పాలిపోయి గులాబీ రంగుకి తిరిగి, గంటల్లో కంపు కొడుతుంది. ఇది ఖాళీ పెంకు. తీసి ఆరబెట్టి అగ్గిపెట్టెలో దూది మీద పెట్టాను. ఇంకో నాలుగు రోజులకి గుల్ల ముక్క ఒకటి లోపలి నుంచి బయటికి పడింది, ఆ సందులో ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. ఆ రాత్రి పీత కాలు పెట్టలేదు, గద ఇంకా గట్టిపడి ఉండదని పెంకు ఒలిచిన రొయ్య ముక్క ఇచ్చాను. మెల్లగా లాక్కుపోయింది.